చేసిన మేలును ఎరిగి ఉండుట: మలేసియా తెలుగు క్రైస్తవ గృహాలలో కృతజ్ఞత

మలేసియా తెలుగువారిలో క్రైస్తవులు చిన్న భాగము. మన సమాజంలో అత్యధికులు హైందవులు. తోటలలో మన పూర్వులు కట్టుకున్న రామమందిరాలను గురించి, ఉగాది, సంక్రాంతి వేడుకలను గురించి మన పెద్దలు తరచుగా చెబుతూనే ఉంటారు. క్రైస్తవ కుటుంబాల ఇంటి ఆచారాలు అంతగా ప్రస్తావనకు రాలేదు. ఆ లోటును కొంతైనా తీర్చుటకు, ఆ కుటుంబాల దినచర్యలో పెనవేసుకున్న ఒక అలవాటును, అనగా కృతజ్ఞత చెల్లించుటను, ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. ఆ మాటకు మూలమేమిటి, లేఖనాలలో దానికి ఆధారమేమిటి, తోట జీవితం దానిని ఎట్లా మలచింది, దానిని ఎక్కడ తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదమున్నది అనే విషయాలను వరుసగా చెబుతాము. కూలీల సంతతికి చెందిన మనకు ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యమైనది.

మాట, దాని అర్థము

కృతము అంటే చేయబడినది. జ్ఞత అంటే ఎరిగి ఉండుట. చేయబడిన మేలును ఎరిగి ఉండుటే కృతజ్ఞత. ఈ పదం మొదట సూచించేది మనసులో కలిగే సంతోషాన్ని కాదు, జ్ఞాపకాన్ని. ఎవరు చేశారు, ఏమి చేశారు, ఎప్పుడు చేశారు అన్నది తెలియనివాడు మర్యాదకు వందనం చెప్పగలడు గాని కృతజ్ఞుడు కాలేడు.

మన ఇంటి మాటలో "కృతజ్ఞతలు", "ధన్యవాదాలు" అనేవి పుస్తకాల నుండి, సభావేదికల నుండి వచ్చిన పదాలు. మన అవ్వలు ఆ మాటలు వాడినవారు కారు. సాయం చేసినవారితో "మీ కడుపు చల్లగా ఉండ", "నీ పిల్లలు చల్లగా ఉండాలి", "మీ మేలు మరువలేము" అనేవారు. మేలు చేసినవారికి దీవెన ఇచ్చుటే మన భాషలో కృతజ్ఞత చెప్పే తీరు. క్రైస్తవ గృహాలలో దీనికి "స్తోత్రము", "వందనాలు" అనే మాటలు తోడయ్యాయి. తమిళ క్రైస్తవులు కూడా స్తోత్రము అనే మాటనే తమ ఉచ్చారణలో పలుకుతారు కనుక, తమిళ ఆరాధనకు వెళ్ళిన తెలుగువారికి ఆ ఒక్క మాటైనా పరాయిది కాలేదు. ఇక మలయ్ భాషలో మనమందరమూ రోజూ అనే "తెరిమా కాసిహ్"లో తెరిమా అంటే స్వీకరించుట, కాసిహ్ అంటే ప్రేమ. దానికి బదులుగా వచ్చే "సమ సమ" అన్న మాటలో మన సమ శబ్దమే వినబడుతుంది. మూడు భాషల నడుమ పెరిగిన మన పిల్లలకు కృతజ్ఞతను దీవెనగా, స్తుతిగా, ప్రేమను అందుకొనుటగా చెప్పే వీలు కలిగింది.

విశ్వాసము వచ్చిన దారి

19వ శతాబ్దం చివరి దశాబ్దాల నుండి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల ప్రజలు మలయాకు వలస వచ్చారు. పినాంగులోనో, నేడు పోర్ట్ క్లాంగ్ అని పిలువబడే పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లోనో దిగి, దిగువ పేరాక్‌లోని బాగాన్ దాతోక్ కొబ్బరి తోటలకు, కెడా, జొహోరు మొదలైన ప్రాంతాల రబ్బరు తోటలకు చేరారు. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ముగిసింది. కంగాణీల ద్వారా కూలీలను రప్పించే పద్ధతి 1938లో భారత ప్రభుత్వం విధించిన నిషేధం వరకు సాగింది.

వారు విడిచి వచ్చిన ఆ తీరప్రాంతానికి క్రైస్తవ విశ్వాసం అప్పటికే చేరి ఉన్నది. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లోనే విశాఖపట్నంలో పని ప్రారంభించారు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడను కేంద్రంగా చేసుకున్నారు. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి 1803లో గంజాం ప్రాంతంలోనే జన్మించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన రచనలు అనేకం ఉన్నాయి. ఊరి నుండి వచ్చినవారిలో కొందరు ఈ కీర్తనలను కంఠస్థంగా తెచ్చుకున్నారు. మరికొందరు ఇక్కడికి వచ్చిన తరువాత, ఇరుగుపొరుగు తమిళ క్రైస్తవుల మూలంగా విశ్వాసంలోకి వచ్చారు.

తోటలకు వెళ్ళిన తెలుగువారికి తమ భాషలోనే సంఘం ఏర్పడిన చోటు ఒకటి ఉన్నది. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు బోధకుడు వెళ్ళి, అదే ఏడాది కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు సంఘాన్ని స్థాపించారు. మలయాలో తెలుగు క్రైస్తవులు సంఖ్యలో తక్కువ, తోటకు కొన్ని ఇళ్ళుగా చెదరి ఉన్నారు. కనుక వారిలో చాలామంది లూథరన్, మెథడిస్టు, కాథలిక్ మొదలైన సంఘాల తమిళ ఆరాధనలలో చేరారు. ఆదివారపు భాష తమిళమైంది. తెలుగు ప్రార్థనకు మిగిలిన చోటు ఇల్లు. అందుచేతనే ఇక్కడి తెలుగు క్రైస్తవ వారసత్వాన్ని వెదకేవారు ముందుగా వంటింటిలోను, రాత్రి ప్రార్థనలోను వెదకవలసి ఉంటుంది.

లేఖనాల ఆధారము

కృతజ్ఞతను గురించి బైబిలులో ఎన్నో చోట్ల ఉన్నది. వాటిలో వలస కుటుంబాలకు అతి సమీపంగా వచ్చేది ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము. పంటలో మొదటి ఫలాలను గంపలో పెట్టుకొని దేవుని సన్నిధికి వచ్చిన రైతు ఏమి చెప్పవలెనో అక్కడ వివరించబడింది. తన పంట బాగా పండిందని అతడు మొదలుపెట్టడు. తన పితరుడు దిక్కులేక తిరిగినవాడని, కొద్దిమందితో పరాయి దేశానికి వెళ్ళి అక్కడ పరవాసిగా బ్రతికాడని, ఆ దేశస్థులు తమవారిని కఠినమైన దాస్యంతో బాధపెట్టారని, తమ మొర దేవుడు విన్నాడని ముందుగా చెప్పుకుంటాడు. ఆ చరిత్ర అంతా చెప్పిన తరువాతనే గంపను సమర్పిస్తాడు. ఆ దినపు సంతోషంలో లేవీయునికి, తమ మధ్య నివసించే పరదేశికి పాలు ఉండవలెనని కూడా అక్కడ ఆజ్ఞ ఉన్నది. ఓడ దిగి వచ్చినవారి మనుమలకు ఈ అధ్యాయాన్ని వేరుగా విప్పి చెప్పవలసిన అవసరం లేదు.

లేవీయకాండము 7వ అధ్యాయంలో మరొక నియమము ఉన్నది. కృతజ్ఞతగా అర్పించిన బలిమాంసాన్ని ఆనాడే తినవలెను, మరునాటి ఉదయానికి మిగల్చరాదు. ఒక కుటుంబం ఒక్క పూటలో అంత మాంసాన్ని తినలేదు. కాబట్టి నలుగురిని పిలిచి పంచక తప్పదు. కృతజ్ఞత చెల్లించిన ఇంట భోజనం పెట్టే ఆచారానికి ఇది మూలమని మన బోధకులు చెబుతారు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు స్వస్థులైతే, యేసు వద్దకు తిరిగి వచ్చినవాడు ఒక్కడే. అతడు సమరయుడు, అన్యజనుడు. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలోని మాటను కూడా జాగ్రత్తగా గమనించవలెను. ప్రతి విషయము "కొరకు" అని కాక, ప్రతి విషయము "నందు" కృతజ్ఞత చెల్లించుమని ఆయన చెప్పాడు. జరిగిన కీడు మంచిదని ఒప్పుకొమ్మని దాని అర్థం కాదు. కీడు నడుమ నిలిచినప్పుడు కూడా దేవుడు చేసిన మేలును మరువవద్దని దాని భావము.

దినచర్యలో కృతజ్ఞత

రబ్బరు తోటలో దినం చీకటిలోనే ఆరంభమవుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్న వేళలోనే చెట్టు నుండి పాలు ఎక్కువగా కారుతాయి. ఎండ ముదిరేకొద్దీ ధార తగ్గుతుంది. హాజరు పిలుపుకు ముందు, దీపం వెలుగులో నిలబడి చేసే రెండు మాటల ప్రార్థన ఆ జీవితానికి తగినది. రాత్రి ప్రాణంతో గడిచినందుకు, తెల్లవారి కళ్ళు తెరచినందుకు స్తోత్రము.

ఇక్కడ ఒక విశేషాన్ని చెప్పుకోవలసి ఉంది. ఊరిలో మన పూర్వులు వర్షానికి కృతజ్ఞత చెప్పినవారు. వాన వస్తే నాట్లు, నాట్లు పడితే తిండి. రబ్బరు తోటలో ఉదయపు వాన కూలీకి శత్రువు. బెరడు తడిస్తే పాలు గీత తప్పి కారిపోతాయి, గిన్నెలో పడినవి నీటితో కలిసిపోతాయి. ఆనాడు గీత కోయరు. పని లేని దినం కూలి కూడా ఉండదు. అందుచేత వానకు చేసిన స్తోత్రమే ఇక్కడ పొడి ఉదయానికి చేసిన స్తోత్రముగా మారింది. ఏటా ఆకు రాలే నెలలలో పాలు తగ్గి ఆదాయం పడిపోతుంది. కొత్త చిగురు వచ్చి చెట్టు మళ్ళీ తేరుకోవడం ఆ ఇళ్ళలో కృతజ్ఞతకు మరొక కారణం. పంట మారితే ప్రార్థనలోని మాటలు మారుతాయి. అయినా ఈ పూట అన్నం ఎక్కడి నుండి వచ్చిందో ఎరిగి ఉండే అలవాటు మారలేదు.

భోజనానికి ముందు ప్రార్థన క్రైస్తవ కుటుంబాలన్నింటిలో ఉన్నదే. తెలుగు సంఘాలలో దీనికి తోడుగా పిడికెడు బియ్యం తీసిపెట్టే ఆచారం ఉన్నది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేస్తుంది. నిండిన తరువాత దానిని సంఘానికో, కష్టంలో ఉన్న ఇంటికో ఇస్తారు. ఇందులో డబ్బు అవసరం లేదు. భర్త చేతి నుండి గాని, పెద్దల అనుమతి నుండి గాని రావలసినదీ లేదు. బియ్యం కొలిచే చేయి ఆమెదే కనుక, ఇచ్చే నిర్ణయం కూడా ఆమెదే. తినడానికే చాలని ఇంట కూడా ఇవ్వడానికి కొంత ఉన్నదని ఆ డబ్బా చెబుతుంది.

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక కీర్తన, ఒక వాక్యభాగము, తరువాత ఒక్కొక్కరి ప్రార్థన ఉంటాయి. ఉపకారాలలో ఒక్కదానినైనా మరువవద్దని తన ప్రాణానికి తానే చెప్పుకునే 103వ కీర్తన తెలుగు ఇళ్ళలో ఎక్కువగా చదివే భాగాలలో ఒకటి. పిల్లలను "ఈ రోజు ఎవరు నీకు మేలు చేశారు?" అని అడిగి, ఆ పేరును ప్రార్థనలో పలికించుట మంచి పద్ధతి. బడిలో పెన్సిలు ఇచ్చిన చీనా పిల్లవాడి పేరు, సైకిలు మీద దింపిన మలయ్ మామయ్య పేరు ఆ ప్రార్థనలోకి వస్తాయి.

కృతజ్ఞతా కూడిక

బిడ్డ పుట్టినప్పుడు, జబ్బు నుండి కోలుకున్నప్పుడు, ఎస్.పి.ఎం. పరీక్షలో పిల్లలు ఉత్తీర్ణులైనప్పుడు, కొత్త ఇంటిలో చేరినప్పుడు, పౌరసత్వ పత్రం చేతికి వచ్చినప్పుడు ఇంటిలో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటారు. దాని క్రమం సామాన్యంగా ఇట్లా ఉంటుంది: కీర్తనలు, వాక్యపఠనము, ఇంటివారి సాక్ష్యము, బోధకుని మాట, ప్రార్థన, కానుక, భోజనము.

వీటిలో సాక్ష్యము ప్రధానమైనది. ఏమి జరిగిందో ఇంటివారు తమ నోట చెప్పవలెను. "దేవుడు మేలు చేశాడు" అని ఊరకొంటే వినేవారికి చాలదు. ఏ నెలలో జ్వరం వచ్చింది, ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్ళారు, రాత్రి ఎవరు కూర్చున్నారు, అప్పు ఎవరిచ్చారు అన్న వివరాలు వస్తాయి. దేవునికి చేసే స్తుతిలో మనుష్యుల పేర్లు కూడా చేరుతాయి. వారిలో చాలామంది క్రైస్తవులు కారు. పక్క ఇంటి హైందవ కుటుంబం, ఎదుటి వరుసలోని తమిళ అక్క, పట్టణంలోని చీనా దుకాణదారు ఆ సాక్ష్యంలో స్థానం పొందుతారు. భోజనానికి వారిని పిలుచుట, మాంసం తినని అతిథులకు వేరుగా పులిహోర, కూరలు వండుట మర్యాద. ఈ సాక్ష్యాలను వరుసగా విన్నవారికి ఆ తోట చరిత్ర చాలావరకు తెలిసిపోతుంది.

సంవత్సర చక్రము

ఆంధ్రదేశపు సంఘాలలో కోతకాలపు పండుగ నాడు కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు ఆలయానికి తెచ్చి, ఆరాధన తరువాత వేలం వేస్తారు. రబ్బరుకు, కొబ్బరికి అటువంటి ఒక్క కోత లేదు. ఏడాది పొడవునా కొద్దికొద్దిగా ఫలితం వస్తుంది. పైగా ఆ ఫలం తోట యజమానిది. కనుక తోట కుటుంబాలు తెచ్చే ప్రథమ ఫలాలు లైను ఇంటి వెనుక తాము పెంచుకున్నవే: అరటిగెల, మునగకాడలు, కంద, కోడిగుడ్లు. తన చెమటతో పండినదైనా తనది కానిదానిని ఎవరూ అర్పించలేరు. పెరటి గుమ్మడికాయకు ఆలయంలో దక్కిన గౌరవం అందువలన పెద్దది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో గడచిన ఏటి మేలులను చెప్పుకొని కొత్త ఏటిలో అడుగుపెడతారు. క్రిస్మసు నాడు ఇంటి తలుపు అందరికీ తెరచి ఉంచే "రూమా తెర్బుకా" ఈ దేశపు ఆచారం. ఏడాది పొడవునా తోడు నిలిచినవారికి ఆ దినపు విందు ఒక విధమైన వందనము. కాథలిక్ కుటుంబాలు జూలై నెలలో బుకిట్ మెర్తాజంలోని సెయింట్ ఆన్ ఆలయ ఉత్సవానికి వెళతాయి. 2019లో బసిలికా హోదా పొందిన ఆ ఆలయానికి అన్య మతస్థులు కూడా మొక్కు తీర్చుకొనుటకు వస్తారు.

కృతజ్ఞత కానిది

కూలీల సంతతిలో కృతజ్ఞతను గురించి మాట్లాడేటప్పుడు ఒక విషయాన్ని దాటవేయరాదు. తోటలలో కృతజ్ఞత అనే మాటను మన పూర్వుల నుండి మరొకరు కూడా కోరారు. ఇల్లు ఇచ్చిన దొర, పని ఇప్పించిన కంగాణి, పేరు వ్రాసిన కిరాణి, వీరందరికీ తలవంచి ఉండుటే విశ్వాసమని, ఉప్పు తిన్నవాడు నోరెత్తరాదని చెప్పబడింది. దొర ఎదురైతే సైకిలు దిగి నిలబడవలసిన కాలం అది. 1941లో క్లాంగ్ ప్రాంతపు తోటలలో భారతీయ కూలీలు సమ్మె చేసినప్పుడు, కూలి పెంచమన్న కోరికతో పాటు కల్లు దుకాణాలు మూయించమని, అధికారుల ఎదుట సైకిలు దిగవలసిన అగత్యం ఉండరాదని కూడా కోరారు. వారిని కృతఘ్నులని అనుటకు విశ్వాసంలో ఆధారం లేదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయంలో పౌలు ఈ భేదాన్ని స్పష్టం చేశాడు. పనిచేసినవానికి ఇచ్చే కూలిని ఎవరూ దయగా లెక్కించరు, అది చెల్లించవలసిన బాకీ. యాకోబు పత్రిక 5వ అధ్యాయం పనివారికి ఎగవేసిన కూలి దేవుని ఎదుట మొరపెడుతున్నదని హెచ్చరిస్తుంది. కనుక బాకీని బాకీగా అడుగుటకు, కృపను కృపగా అందుకొనుటకు మధ్య విరోధం లేదు. రెండూ నిజాన్ని నిజంగా ఎరిగి ఉండుటలోనివే. చేసిన మేలును ఎరిగినవాడు చేసిన అన్యాయాన్ని కూడా ఎరిగి ఉంటాడు.

దుఃఖం విషయంలో కూడా ఇదే మాట. 1942, 43 సంవత్సరాలలో జపానువారు మలయా తోటల నుండి వేలాదిగా తమిళులను, తెలుగువారిని సయాం–బర్మా రైలుమార్గపు పనికి తరలించారు. 415 కిలోమీటర్ల ఆ మార్గం మీద కలరాతో, మలేరియాతో, ఆకలితో మరణించిన తోట కూలీల సంఖ్య పదివేలలో ఉన్నది. తిరిగి వచ్చినవారు దేవునికి స్తోత్రము చెప్పారు. రాని వారి ఇళ్ళలో ఆ మాట ఎట్లా పలకాలి? దావీదు 22వ కీర్తన దేవుడు తనను విడిచాడన్న మొరతో ఆరంభమై, సమాజం మధ్య స్తుతితో ముగుస్తుంది. ఆ మొరను తొలగించి స్తుతిని మాత్రమే ఉంచమని లేఖనం ఎక్కడా కోరలేదు. ఏడ్చుటకు చోటివ్వని కృతజ్ఞతను దుఃఖంలో ఉన్న ఇంటి మీద మోపరాదు.

తోట విడిచిన తరువాత

రబ్బరు స్థానంలో ఆయిల్ పామ్, అనేక చోట్ల దాని స్థానంలో ఇళ్ళ స్థలాలు వచ్చాయి. మన కుటుంబాలు కౌలాలంపూరు, క్లాంగ్, ఈపో, జొహోరు బారు పట్టణాలకు చేరాయి. తోటలలో నడిచిన తెలుగు బడులు క్రమంగా మూతపడ్డాయి. 1955లో ఏర్పడిన ఆంధ్ర సంఘము, అనగా నేటి మలేసియా తెలుగు సంఘము, భాషా తరగతులను నిర్వహిస్తున్నా, క్రైస్తవ గృహాలలో ప్రార్థన చాలావరకు తమిళంలోకో ఇంగ్లీషులోకో మారింది. భాష మారినందున విశ్వాసం తగ్గిపోదు. అయితే అవ్వ తెలుగులో చెప్పిన సాక్ష్యం మనుమరాలికి అర్థం కాకపోతే, ఆ సాక్ష్యంలోని పేర్లు, తోటలు, సంవత్సరాలు ఆమెతోనే వెళ్ళిపోతాయి. అప్పుడు మిగిలేది దేనికో తెలియని స్తోత్రము.

అందుచేత మన కుటుంబాలకు మేము సూచించే పని సులభమైనది. పాత బైబిలు మొదటి పుటలలో జననమరణాలు వ్రాసుకునే ఆచారం అనేక ఇళ్ళలో ఉన్నది. దాని పక్కన ఒక నోటు పుస్తకం ఉంచి, కృతజ్ఞతా కూడికలో పెద్దలు చెప్పిన సాక్ష్యాన్ని వ్రాయండి. ఏ తోట, ఏ సంవత్సరం, ఏ కష్టం, ఎవరు ఆదుకున్నారు అన్న నాలుగు విషయాలు ఉంటే చాలు. పెద్దలు వాడిన మాటలనే, అవి తెలుగైనా తమిళమైనా మలయ్ అయినా, ఉన్నవి ఉన్నట్లు ఉంచండి. ఎగవేసిన కూలిని, విడిపోయిన కుటుంబాన్ని కూడా వ్రాయండి. ద్వితీయోపదేశకాండంలోని రైతు గంపను దించకముందు దాస్యాన్ని చెప్పుకున్నాడు. మన పిల్లలు కూడా ఆ వరుసలోనే చెప్పగలగాలని మా కోరిక.